నాయన పాటలను దక్కించిన అన్నకు కృతజ్ఞతలు

తిరుపతి కొర్లగుంటలో మా వీధి చివర ఉండే అన్నకు అందరి ముందూ థాంక్స్ చెప్పాలని రాస్తున్నాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

తాతయ్యగుంట గంగమ్మ జాతర పాటల్ని మా నాయన పెద్దవాళ్ల దగ్గర కూర్చుని విని, రాసుకుని, పాత కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో టైప్ చేసి పెట్టుకున్నారు. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, అవి లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులొస్తాయి, అందుకే మైక్రోసాఫ్ట్ 2014లోనే సపోర్ట్ ఆపేసినా మా ఇంట్లో విండోస్ ఎక్స్‌పీ అలాగే ఉండిపోయింది. మొన్న పని మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే, సిస్టమ్32 లోపలి కాన్ఫిగ్ ఫోల్డర్‌లో సిస్టమ్ అనే ఫైలు లేదు లేదా పాడైంది అని నల్ల స్క్రీన్ మీద చూపించి ఆగిపోయింది. ఒక షాపులో అడిగితే ఫార్మాట్, అంటే డిస్క్‌లో ఉన్నదంతా తుడిచేయడం, తప్ప దారి లేదన్నారు. నాయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అన్న వచ్చి చూసి, "పాటలకేం కాలేదు పెద్దాయనా, ఫార్మాట్ మాటే ఎత్తొద్దు" అన్నారు. ఏ డ్రైవర్లు, ఏ సర్వీసులు మొదలుపెట్టాలో విండోస్ చూసుకునే రిజిస్ట్రీ ఫైలు ఒక్కటే పాడైందని, మన ఫైళ్లు వేరే చోట ఉంటాయని విడమరిచి చెప్పారు. రిపేరు జోలికి పోకముందే హార్డ్ డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో తన ల్యాప్‌టాప్‌కు తగిలించి, పాటల ఫోల్డరూ ఫాంట్లూ కాపీ చేసి ఆ పెన్‌డ్రైవ్ నాయన చేతిలో పెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

తర్వాత ఎక్స్‌పీ సీడీతో బూట్ చేసి, ఆర్ నొక్కి రికవరీ కన్సోల్‌ (ఆదేశాలు టైప్ చేసి విండోస్‌ను బాగుచేసే స్క్రీన్) లోకి వెళ్లి, పాడైన ఫైలును కూడా పారేయకుండా వేరే పేరుతో దాచి, విండోస్ లోపలే ఉండే రిపేర్ ఫోల్డర్‌లోని కాపీని దాని స్థానంలో పెట్టారు. ఆ కాపీ ఎక్స్‌పీ ఎక్కించినప్పటిది కాబట్టి తర్వాత వేసుకున్న ప్రింటర్, సౌండ్ డ్రైవర్లు మళ్లీ వేయాల్సి వచ్చింది, అదీ ఆయనే ఓపిగ్గా చేశారు. పేజ్‌మేకర్ చెక్కుచెదరలేదు. డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడిచినంతసేపూ కూర్చుని నాయన చేత పాటలు పాడించుకుని విన్నారు! డబ్బులు ఎంత చెప్పినా తీసుకోలేదు, అమ్మ చేసిన ఓళిగలు మాత్రం తిన్నారు.

మీ ఇంట్లో పాత సిస్టమ్ ఇలా మొరాయిస్తే, ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు డిస్క్‌లోని ఫైళ్లు బయటికి తీయించుకోండి. మేం యూపీఎస్ కొన్నాం, పాటల్ని యూనికోడ్‌లోకి మార్చడం కూడా మొదలుపెట్టాం.

అన్నా, మీ సీడీ మా దగ్గరే ఉండిపోయింది. ఆదివారం నాయనే తెచ్చిస్తానంటున్నారు.