ఈసారి ఎన్ని గింజలు?

అమ్మణ్ణీ,

నువ్వు అవ్వ పక్కన నిద్రపోతున్నావు. నాన్న మూడో పెట్టె తూకం వేస్తున్నాడు. బెంగళూరు కేఆర్ పురంలో, అవ్వ ఇంట్లో, మనకింకా నాలుగు రాత్రులున్నాయి. నీకు తెలుగు చదవడం వచ్చాక ఈ ఉత్తరం చేతికిస్తాను. అది వచ్చేలా చూసే పూచీ నాది.

పొద్దున పళ్ళు తోముకుంటూ ఒక మాట అడిగావు. "అమ్మా, ఈసారి ఎన్ని గింజలు?" నేను పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నిజానికి పాలు పొంగలేదు. జవాబు చెప్పలేకపోయాను.

ఆ గింజల సంగతి నీకు గుర్తుంటుందో లేదో. కిందటి ఏప్రిల్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, పాత బొలెరో వెనక సీటు తీయించి పరుపు వేసి, చిన్న సిలిండరు, ఇడ్లీ స్టాండు పెట్టుకుని మనం ముగ్గురం బయల్దేరాం. నీకింకా నాలుగేళ్ళు నిండలేదు. మొదటి మజిలీ లేపాక్షి. నేలకు ఆనని స్తంభం కింద నాన్న కండువా దూర్చి లాగితే, నువ్వు పదిసార్లు లాగించావు. ఆ రాత్రి "ఇంటికెప్పుడు?" అని ఏడుపు మొదలుపెట్టావు. అవ్వ నీ సంచిలో వేసిన వామనగుంటల చింతగింజలున్నాయిగా, వాటిలోంచి రెండు తీసి స్టీలు డబ్బాలో వేశాను. రోజుకొకటి తీసేద్దాం, అయిపోగానే ఇంకో ఊరు అన్నాను. ఏడుపు ఆగింది. ఆ తర్వాత ఏ ఊళ్ళో దిగినా ముందు నువ్వు డబ్బా తెచ్చి "ఎన్ని?" అనేదానివి. గండికోటకు మూడు. అస్సాంలో మాజులీకి ఆరు. ధనుష్కోటికి ఒకటే. 1964 తుఫాను ఆ ఊరిని, దానితోపాటు స్టేషనుకు వస్తున్న రైలును మింగేసిందని నాన్న చెబుతుంటే, నువ్వు ఆ మొండిగోడల మధ్య గవ్వలు ఏరుకున్నావు.

అన్నీ అంత బాగున్నాయని చెప్పను. హిమాచల్ కొండల్లో, కాజా అనే ఊళ్ళో నీకు ఎత్తు పడలేదు. రెండు రోజులు ఏం తిన్నా వాంతే. అర్ధరాత్రి నీ నుదుటి మీద చెయ్యేసుకుని కూర్చుని, పిల్లని ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చానా అని ఏడ్చాను. మనం దిగిన ఇంటావిడకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. పొయ్యి పక్కన పక్క వేసి, పొద్దుటిదాకా మనతోనే కూర్చుంది. నువ్వు తేరుకున్నాక హిక్కిమ్ వెళ్ళాం. సుమారు 4,400 మీటర్ల ఎత్తున చిన్న పోస్టాఫీసు. అక్కణ్ణుంచి అవ్వకు కార్డు వేశావు, రాయడం రాదు కాబట్టి బొలెరో బొమ్మ గీశావు. అది ఇప్పటికీ అవ్వ అద్దానికి దోపి ఉంది.

ఆ ఇంటావిడని తలుచుకుంటే ఇప్పుడు ఒకటి అనిపిస్తుంది. ఆమె దగ్గర అంత తీసుకున్నాం, నాలుగు గింజలవగానే బండెక్కేశాం. ఆమె తిరిగి మనల్ని ఏదీ అడిగే వీలే లేదు.

ఇప్పుడు వెళ్ళేది అలాంటి చోటుకు కాదు. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్. పేరు కొత్తగా ఉన్నా తాతకు మాత్రం ఆ ఊరు తెలుసు. 1891లో ఫిలిప్స్ వాళ్ళు బల్బుల కంపెనీ పెట్టిన ఊరు. తాత జీతంలో మిగిల్చి కొన్న మొదటి వస్తువు ఫిలిప్స్ రేడియో. "నా రేడియో పుట్టింటికి పోతాండావు" అని నీకు చెప్పి మురిసిపోతున్నాడు.

అక్కడ ఐదేళ్ళు నిండిన పిల్లలను మరుసటి నెల మొదటి తేదీ నుంచి బడికి పంపి తీరాలి, అది చట్టం. మేలో నీకు ఐదు నిండుతాయి. బడి రోజుల్లో అనుమతి లేకుండా ఊరికి తీసుకుపోతే తల్లిదండ్రులకు జరిమానా. రేపు లేచి ఎటు పోదాం అని మ్యాపు పరుచుకున్న మనకి, వినాయకచవితికి ఇంటికి రావాలన్నా ఇక కుదరదు. కాగితాల దగ్గరే ఇది నాకు తెలిసొచ్చింది. ప్రతి ఫారంలోనూ శాశ్వత చిరునామా అడిగారు. పదినెలలుగా మనకున్నది బండి నంబరు ఒక్కటే. అన్నిట్లోనూ అవ్వ ఇల్లే రాశాను. పైగా నీ జనన పత్రంలో పేరు ఒక అక్షరం తేడాగా పడింది. అది సరిచేయించి, పరాయి దేశంలో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర వేయించేసరికి మూడు వారాలు పట్టింది.

నిన్న రాత్రి ఇదంతా అవ్వ దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆమె కొత్త చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. "చుట్టపుచూపుగా పోయేది వేరు, కాపురానికి పోయేది వేరమ్మా. చుట్టానికి ఎవరైనా మంచం వాలుస్తారు. కాపురానికొచ్చినోళ్ళు తామే వాల్చుకోవల్ల" అంది. 1979లో తాతకు ఐటీఐ టెలిఫోన్ల ఫ్యాక్టరీలో పని దొరికి, హిందూపురం నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు ఆమెకు ఒక్క కన్నడ ముక్క రాదు. కొళాయి దగ్గర వరసలో నేర్చుకుంది. మొదట పట్టుబడిన మాట "స్వల్ప తడీరి". కాస్త ఆగండి అని. ఏడాది తిరిగేసరికి ఆ వరసలో బాలింతలు ఎవరున్నా, వాళ్ళ బిందె ముందు నింపించేది అవ్వేనట.

నువ్వూ అప్పుడే మొదలుపెట్టావు. గొంతులోంచి ఖకారం లాగి "ఖూదె మోర్ఖెన్" అని పాలవాడిక్కూడా చెబుతున్నావు. డచ్ భాషలో శుభోదయం అని.

బండి అమ్మిన రోజు గురించి కూడా రాయాలి. హోసకోట నుంచి ఒకాయన వచ్చి కొనుక్కున్నాడు. ఇచ్చే ముందు లోపల ఊడుస్తుంటే పరుపు కింద మూడు గింజలు దొరికాయి. ఎక్కడివో తెలీదు. నువ్వు అరచేతిలో పెట్టుకుని "అమ్మా, మనకు మూడు రోజులు మిగిలిపోయాయి" అన్నావు. బండి సందు మలుపు తిరిగేదాకా ఆ పిడికిలి విప్పలేదు. నేను నిన్ను ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే నేనే ఏడ్చేదాన్ని.

అవ్వ పెట్టెలో కుక్కిన నెయ్యి, కరివేపాకు ఈరోజు తీసేశాను. రెండూ అక్కడికి తీసుకెళ్ళనివ్వరు. చింతగింజలకూ సర్టిఫికెట్టు కావాలట. అందుకే సాయంత్రం నీకు నిజం చెప్పేశాను. "అక్కడికి గింజలు లేవమ్మా. లెక్క లేకుండా ఉంటాం." నువ్వు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత డబ్బా పట్టుకెళ్ళి అవ్వ ఒళ్ళో పెట్టి, "అయితే నువ్వు తియ్యి. రోజుకొకటి. అయిపోగానే మేం వస్తాం" అన్నావు.

అవ్వ గింజలు ఒలకబోసి లెక్కపెట్టింది. బండిలో దొరికిన మూడింటితో కలిపి నలభై ఒకటి. జూలై సెలవులకు మనం వచ్చేది ఎన్ని రోజులకని నాన్ననడిగింది. నాన్న కాలెండరు చూసి 109 అన్నాడు. ఆమె చింతపండు చాట దగ్గరికి జరిగి, ఒక్కొక్కటే కడిగి, కొంగుతో తుడిచి వేసింది. డబ్బా మూత పట్టలేదు. లేచి వెళ్ళి పాత హార్లిక్స్ సీసా తెచ్చింది.

మీ అమ్మ