బోధన కళే అయితే దాని సాధనకు వేళ ఏది?

సంపాదకులకు,

బోధన ఒక కళ అన్న మాట ఏటా సెప్టెంబరు 5న ప్రతి సన్మాన వేదిక మీదా వినిపిస్తుంది. శాలువా కప్పినవారూ కప్పించుకున్నవారూ కూడా తలలూపుతారు. మర్నాడు బడి గంట మోగేసరికి ఆ మాటతో ఎవరికీ పని ఉండదు. ముప్పై రెండేళ్లు ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఆ మాట నిజమేననిపిస్తుంది గాని, అనేవారు కళ అంటే ఏమనుకుని అంటున్నారో బోధపడదు. గొంతు, హావభావాలు, పిల్లల్ని నవ్వించే నేర్పు ఉంటే చాలు, అదే కళ అనేటట్లయితే నాకు జ్యామితి చెప్పిన మాస్టారు ఆ లెక్కలోకి రారు. ఆయన నల్లబల్ల వైపు తిరిగి గొణిగేవారు. అయినా ఏ గీత ముందు గీయాలో, ఏ గీత దగ్గర సుద్దముక్క ఆపి మా వైపు తిరగాలో ఆయనకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

మాది విజయనగరం. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్ నేర్పినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. కచేరీ చేసే మనిషే పాఠం కూడా చెప్పడం మా ఊరికి వింత కాదు. చిన్నతనంలో శ్రీరామనవమి పందిళ్లలో నేను విన్న హరికథల్లో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నవి పిట్టకథలు. జనం కునుకుపాట్లు పడుతున్నారని కథ చెప్పే దాసుగారు కనిపెట్టేవారు, చిరుతలు ఆపి, ఊళ్లో మాటేదో ఎత్తుకుని పిట్టకథలోకి దిగేవారు, అందరూ నవ్వి సర్దుకుని కూర్చున్నాక కథను ఎక్కడ విడిచారో సరిగ్గా అక్కడే అందుకునేవారు. పక్కదారి పట్టినట్టు కనిపించిన ఆ పిట్టకథ అసలు కథకే ఆసరా అయిందని మాకు ఇంటికి వెళ్లే దారిలో తోచేది. తరగతి గదిలో నేను చేయగలిగినదల్లా ఇదే పని అని ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గాని గ్రహించలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఏడో తరగతి ఎ సెక్షన్‌లో పూర్ణసంఖ్యల గుణకారం చెబుతున్నాను. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ వస్తుందన్న సూత్రం బల్ల మీద రాయగానే వెనుక బెంచీ పిల్ల ఒకతె లేచి, ‘‘రెండు నష్టాలు కలిస్తే లాభం ఎలాగవుతుంది మాస్టారూ?’’ అంది. అడిగినదాంట్లో చిన్న పొరపాటు ఉంది. సూత్రం చెబుతున్నది కలపడం గురించి కాదు. కానీ ఆ పొరపాటే నాకు దారి చూపింది. ఆ రోజు పాఠ్యపథకంలో నేను రాసుకున్న సంఖ్యారేఖను పక్కన పెట్టి, ‘‘షావుకారు ఖాతాలో మీ అమ్మ పేరు మీద అయిదేసి రూపాయల బాకీలు చాలా ఉన్నాయనుకో. వాటిలో మూడు బాకీలు ఆయన కొట్టేశాడు. మీ ఇంటికి నష్టమా, లాభమా?’’ అని అడిగాను. గది కాసేపు నిశ్శబ్దమైపోయింది. ‘‘పదిహేను రూపాయలు మిగిలాయి’’ అని ముందు ఒక గొంతు, వెనకే పది గొంతులు వినబడ్డాయి. బాకీ అంటే మైనస్ అయిదు, కొట్టేయడం అంటే మైనస్ మూడు సార్లు అని చెప్పవలసిన అవసరం కూడా రాలేదు, వాళ్లే చెప్పారు.

ఆ ఉత్సాహంతో మరుసటి పీరియడ్‌లో బి సెక్షన్‌కు వెళ్లి అదే షావుకారునూ, అదే ఖాతానూ దింపాను. అక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు నేను జవాబు చెప్పాను. వాళ్లు దాన్ని నోటుపుస్తకంలో బుద్ధిగా రాసుకున్నారు. వారం తరువాత పరీక్షలో ఒక అబ్బాయి ‘షావుకారు కొట్టేశాడు కనుక 15’ అని రాశాడు. మార్కు వేయాలో మానాలో తెలియక ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పిట్టకథ అదే, చెప్పినవాడూ నేనే, రక్తి కట్టలేదంటే వినేవారి మొహాలు చూడకుండా చెప్పినందుకే.

వినేవారిని చూస్తూ అప్పటికప్పుడు కల్పించుకుంటూ పోయే ఈ నేర్పును సంగీతజ్ఞులు మనోధర్మం అంటారు. అయితే మనోధర్మం పేరుతో నోటికొచ్చింది పాడవచ్చని ఏ గురువూ చెప్పడు. మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళి వరుసలు, జంట వరుసలు మూడు కాలాల్లోనూ పలికిన గొంతుకే గీతం, వర్ణం, ఆ పైన కృతి. గురువు చెప్పిన కృతి పాఠం గట్టిపడ్డాకనే ఆలాపన, స్వరకల్పన వంటి సొంత కల్పనలు. బోధనలోనూ అంతే. పూర్ణసంఖ్యల మీద ఏ పిల్లవాడు ఎక్కడ తప్పటడుగు వేస్తాడో ఏళ్ల తరబడి దిద్దిన పేపర్లలో చూసి ఉండకపోతే ఆ రోజు షావుకారు నాకు తట్టేవాడు కాదు. ఉపాధ్యాయుడికి స్వేచ్ఛ కావాలని అడిగే మా వాళ్లు సాధన మాట ఎత్తరు. పాఠ్యపథకం కచ్చితంగా పాటించాలనే అధికారులు మనోధర్మం మాట ఎత్తరు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

ఎ సెక్షన్ పాఠం నాడే తనిఖీకి వచ్చిన ఒక అధికారి వెనుక కూర్చుని అంతా విన్నారు. వెళ్తూ రిజిస్టరులో ‘పాఠ్యపథకంలో లేని ఉదాహరణ వాడారు’ అని రాశారు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆయన చేతిలోని ప్రొఫార్మాలో పిల్ల అడిగిన ప్రశ్నకు గడి లేదు. కాళిదాసు నాటకం ‘మాళవికాగ్నిమిత్రం’లో ఇద్దరు నాట్యాచార్యులు ఎవరు మేలని తగవు పడితే, తీర్పు చెప్పే పరివ్రాజిక (సన్యాసిని) వాళ్ల విద్యను కాదు, వాళ్ల శిష్యుల నాట్యాన్ని చూస్తానంటుంది. కొందరికి విద్య తమలోనే ఉంటుంది, కొందరికి ఇతరులకు అందించే నేర్పు ఉంటుంది, రెండూ ఉన్నవాడే ఆచార్యుల్లో ముందు నిలవాలంటుంది. అంగసౌష్ఠవం స్పష్టంగా కనబడాలి గనుక నర్తించేవారు వేషభూషలు లేకుండా రావాలని కూడా అడుగుతుంది. మన బడుల్లో తనిఖీ రోజు గోడలకు వేలాడే కొత్త చార్టులు, బల్ల మీద పేర్చిన బోధనోపకరణాలు ఆ వేషభూషలే. మర్నాడు వాటిలో సగం బీరువాలోకి వెళ్లిపోతాయని అందరికీ తెలుసు.

ఈ పోలికను మరీ సాగదీయకూడదని కూడా ఒప్పుకుంటాను. హరికథకు జనం ఇష్టపడి వస్తారు, నచ్చకపోతే లేచి పోతారు. మా పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. సంగీత గురువు శిష్యుణ్ణి ఎంచుకుంటాడు, ప్రభుత్వ పాఠశాల ఎవరినీ కాదనదు, కాదనకూడదు. ఆ పిల్లలందరికీ అందాలి గనుకనే మాకు సాధన మరింత ఎక్కువ కావాలి.

ఆ సాధనకు వేళ చట్టంలోనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఉపాధ్యాయుడి కనీస పనివేళలు వారానికి 45 గంటలని చెబుతూ, అందులోనే పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా చేరి ఉందని రాశారు. మన టైంటేబుళ్లలో ఆ సమయం కనబడదు. ఖాళీ పీరియడ్ దొరికితే మధ్యాహ్న భోజనం లెక్కలకో, యాప్‌లో ఫొటోలు ఎక్కించడానికో, సెలవులో ఉన్నవారి తరగతికో పోతుంది. కచేరీకి ముందు శ్రుతి చేసుకునే సమయాన్ని కూడా లాక్కుని రక్తి కట్టలేదేమని అడగడం న్యాయమేనా?

కనుక విద్యాశాఖను రెండు విషయాలు కోరుతున్నాను. రోజుకు ఒక్క పీరియడ్‌ను పాఠం సిద్ధం చేసుకోవడానికని టైంటేబుల్‌లో రాసి, దాన్ని మరే పనికీ మళ్లించవద్దు. ఇక చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తోటి ఉపాధ్యాయులనే పిల్లలుగా కూర్చోబెట్టి నమూనా పాఠం చెప్పించే తంతు మాని, నిజమైన తరగతిలో, నిజమైన పిల్లలకు, మామూలు రోజు పాఠాన్ని మామూలుగా చెప్పించండి. మిగతావారు వెనుక కూర్చుని వినాలి. పిల్లలు వెళ్లాక, విద్వాంసులు ఒకరి కచేరీ గురించి ఒకరు మాట్లాడుకున్నట్టు, ఎక్కడ తాళం తప్పిందో మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఆ మాటలు ఏ రిజిస్టరులోనూ రాయకూడదు. మా జిల్లాలో అలాంటి సమావేశం ఒక్కటి పెట్టినా, బి సెక్షన్ కథ చెప్పడానికి నేను వస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
విజయనగరం