ఆట పాత్రల అంకెలకు కారణం రాయించండి

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటల గురించి మీ పత్రికలో వస్తున్న రచనలు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే రోల్ ప్లేయింగ్ ఆటలను కొందరు ఉత్త కథగా, మరికొందరు ఉత్త పాచికల లెక్కగా చూస్తున్నారు. ఆటగాడు తన పాత్ర వివరాలు రాసుకునే పాత్ర కాగితం మీది అంకె, ఆ పాత్ర గురించి రాసుకున్న మాట ఒకదానికొకటి జవాబుదారీగా ఉన్నప్పుడే పాత్ర నిలుస్తుందని, బైరాగిపట్టెడలో మా మిద్దె మీద కాలేజీ పిల్లల చేత ఈ ఆట ఆడిస్తున్న అనుభవంతో చెబుతున్నాను.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడినప్పటి నుంచీ బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు అంకెలు వేసుకోవడం ఆ ఆటలో ఆనవాయితీ. ఇప్పటి నియమాల ప్రకారం బలం 8 ఉన్న పాత్రకు ఇరవై ముఖాల పాచికలో పడిన సంఖ్య నుంచి ఒకటి తగ్గుతుంది, 16 ఉన్న పాత్రకు మూడు కలుస్తాయి. తలుపు బద్దలు కొట్టడానికి కనీసం 15 రావాలంటే మొదటి పాత్రకు 25 శాతం, రెండోదానికి 45 శాతం అవకాశం ఉంటుంది. అంకె ఇంత నిక్కచ్చిగా ఉండబట్టే మాటకారి అయిన ఆటగాడు నెమ్మదస్తుణ్ణి తోసిపుచ్చలేడు. అందుకే అంకెలు తీసేయమనే వారితో నేను ఏకీభవించను.

ఒక విద్యార్థి తన వీరుడు మదపుటేనుగును ఒంటిచేత్తో ఆపాడని పేజీల కొద్దీ రాసుకొచ్చాడు. కాగితం మీద బలం మాత్రం 8. మొదటి తలుపు దగ్గరే ఆ కథ నిలవలేదు. కథను కొట్టేయకుండా, అంకెను పెంచకుండా, ఆనాటి దెబ్బకు వీరుడి కుడి భుజం విరిగి సరిగా అతకలేదని ఒక్క వాక్యం చేర్పించాను. ఆ తర్వాత పాచికలో తక్కువ పడినప్పుడల్లా బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఆ భుజమే గుర్తొచ్చేది. ఎముకలు సరిచేసే వైద్యుణ్ణి వెతుక్కుంటూ పోవడమే తర్వాతి కథ అయింది.

చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజు గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ విని, రాత్రి వీధినాటకం చూసిన వారికి ఇది కొత్త సంగతి కాదు. కర్ణుడి విలువిద్యకు అర్జునుడితో సమానంగా అంకె వేయవచ్చు. కానీ కవచకుండలాలు దానమిచ్చిన గుణం, అవసరానికి అస్త్రం గుర్తురాని శాపం రాయకపోతే ఆ కాగితం కర్ణుడిది కాదు. ఆ శాపం ఆటలో ఎప్పుడు, ఎలా పనిచేస్తుందో నియమం లేకపోతే అదీ ఉత్త మాటగానే మిగిలిపోతుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి ఐదో కూర్పు ఆదర్శం, అనుబంధం, లోపం వంటివి రాసుకోమని, వాటికి తగ్గట్టు ఆడినవారికి రెండు పాచికలు వేసి పెద్దదాన్ని తీసుకునే అవకాశం ఇవ్వవచ్చని చెప్పింది. మంచి ఏర్పాటే గాని, ఇవ్వడం ఆడించేవారి ఇష్టం కాబట్టి ఆట వేడిలో అది తరచూ మరుగున పడుతుంది. వేసవి శిబిరాల్లో ఈ ఆట నేర్పేవారు అందుకే మొదటి రోజే పాత్ర కాగితంలో అన్నిటికన్నా పెద్ద అంకెకు, అన్నిటికన్నా చిన్న అంకెకు చెరో వాక్యం కారణం రాయించాలని కోరుతున్నాను. మిగతా నాలుగింటి సంగతి ఆడుతుండగా తేలుతుంది. అలాంటి కాగితం నమూనా ఒకటి మీ ఆదివారం పేజీలో తెలుగులో ప్రచురిస్తే నేర్పేవారికి చేతికందినట్టుంటుంది.

– ఒక పాఠకురాలు, తిరుపతి