బూట్ మెనూలో ఆ ఒక్క వరుస మళ్లీ పెట్టండి

గౌరవనీయులైన విడుదల విభాగం బాధ్యులకు,

నమస్కారం. ఇది నా నాలుగో విన్నపం. మొదటిదానికి ‘పరిశీలిస్తాం’ అన్నారు. రెండోదాన్ని మొదటిదానికి నకలంటూ మూసేశారు. మూడోదాన్ని ఎవరైనా చదివిన జాడే లేదు. అందుకే ఈసారి అందరి ముందూ అడుగుతున్నాను: మన లినక్స్ డిస్ట్రో ఇన్‌స్టాలేషన్ ఇమేజ్‌లో, అంటే సిస్టమ్ ఎక్కించేందుకు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకునే ఫైలులో, మెమరీ (ర్యామ్) పరీక్ష ఎందుకు లేదు? పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ మొదలవగానే కనిపించే బూట్ మెనూలో ఒకప్పుడు ఉన్న ఆ వరుసను మళ్లీ ఎందుకు పెట్టలేదు?

నిరుడు మీ కొత్త విడుదల ఎక్కించబోతే ఇన్‌స్టాలర్ సగంలో ఆగి, ప్యాకేజీ పాడైందని చెప్పింది. మళ్లీ మొదలుపెడితే ఇంకో ప్యాకేజీ దగ్గర ఆగింది. పెన్‌డ్రైవ్ మార్చమన్నారు, మార్చాను. ఇమేజ్ మళ్లీ దించుకోమన్నారు, దించుకున్నాను. డిస్క్ పోయిందేమోనన్నారు, కొత్తది కొన్నాను. ఏడో ప్రయత్నంలో ఎలాగో ఎక్కింది. గండం గడిచిందనుకుని పాత ఫొటోలన్నీ కొత్త డిస్క్‌లోకి చేర్చి, పాత డిస్క్ చెరిపేశాను.

మూడు నెలల తరువాత ఒక రోజు అమ్మ ఫొటో తెరిచాను. నుదురు వరకే ఉంది. కనుబొమల కింది నుంచి అంతా బూడిదరంగు. పక్క ఫొటో బాగానే ఉంది, దాని తరువాతది అసలు తెరుచుకోలేదు. అనుమానం వచ్చి, ర్యామ్ కంటే పెద్దదైన ఒక ఫైలుకు షా256 చెక్‌సమ్, అంటే ఫైలు మారనంత వరకు ఒకేలా రావాల్సిన గుర్తు సంఖ్య, మూడుసార్లు తీశాను. మూడుసార్లూ మూడు జవాబులు వచ్చాయి.

ఆ రాత్రే స్నేహితురాలి కంప్యూటర్‌లో మెమ్‌టెస్ట్86+ అనే మెమరీ పరీక్ష ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసుకొచ్చాను. నడిపిన నాలుగు నిమిషాలకే తెర మీద ఎర్ర వరుసలు మొదలయ్యాయి. ఉండాల్సిన విలువ, కనిపించిన విలువ పక్కపక్కనే ఉన్నాయి. రెంటికీ ఒక్క బిట్ తేడా, ప్రతి వరుసలోనూ అదే బిట్. రెండు ర్యామ్ పలకల్లో ఒకటి తీసేస్తే అంతా సద్దుమణిగింది. ఈ నాలుగు నిమిషాల పని మీ బూట్ మెనూలోనే ఉండి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. నా ఫొటోలు నాకు ఉండేవి.

‘కావాలంటే విడిగా దించుకోవచ్చు కదా’ అని రాశారు. ఒక్క కంప్యూటరే ఉన్నవారు దేనితో దించుకోవాలి? చెడిన మెమరీ గుండా వెళ్లి పెన్‌డ్రైవ్‌లో చేరిన ఇమేజ్‌ను నమ్మేదెలా? ‘సిస్టమ్‌లో మెమ్‌టెస్టర్ ఉంది’ అని కూడా రాశారు. అది సిస్టమ్ నడుస్తుండగా మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ మెమరీలో కూర్చున్న చోటును అది ముట్టుకోలేదని నాకంటే మీకే బాగా తెలుసు. పైగా సిస్టమే ఎక్కనివారికి అది ఎందుకు పనికొస్తుంది?

మెమ్‌టెస్ట్86+ పాత వెర్షన్ 5.01 యూఈఎఫ్ఐలో, అంటే కొత్త కంప్యూటర్లను బూట్ చేసే ఫర్మ్‌వేర్‌లో, నడవదు కనుక తీసేస్తున్నాం, నడిచేది రాగానే తిరిగి పెడతాం అన్నది మీ మాటే. 2022 అక్టోబరులో 6.00 వచ్చింది. అది యూఈఎఫ్ఐలో నడుస్తుంది. ఆ తరువాత మీరు ఎన్ని విడుదలలు చేశారో లెక్క చూసుకోండి. లైసెన్సు చిక్కు కూడా లేదు. పాస్‌మార్క్ వారి మెమ్‌టెస్ట్86 కోడ్ మూసి ఉంది, నిజమే. నేను అడుగుతున్నది చివర ప్లస్ గుర్తున్నది, జీపీఎల్ 2 అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉన్నది. గిగాబైట్ల ఇమేజ్‌లో అది ఒక్క మెగాబైటు కూడా పట్టదు. నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రామ్‌ను బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ అడ్డమంటారా? బూట్ మెనూ చూపే గ్రబ్‌కూ కెర్నెల్‌కూ మీ కీతో సంతకం చేస్తున్నారు. ఆ చేత్తోనే దీనికీ చేసే దారి చూడమని వేడుకుంటున్నాను.

దయచేసి ఆ వరుస మళ్లీ పెట్టండి. ప్యాకేజీ చెక్‌సమ్ తప్పినప్పుడు ‘మెమరీ కూడా పరీక్షించండి’ అని ఇన్‌స్టాలర్ చేత ఒక్క మాట చెప్పించండి. పెన్‌డ్రైవ్‌లు మారుస్తూ, డిస్క్‌లు కొంటూ ఈ రాత్రి కూడా ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వారి కోసమైనా పెట్టండి.

బూట్ మెనూ మార్పుకు కావలసిన ప్యాచ్ నా రెండో విన్నపానికి జతచేశాను. మూసేసినా అది ఇంకా అక్కడే ఉంది. కొత్త విడుదలకు సరిపడేలా సవరించి రేపే పంపమన్నా పంపుతాను.

ఇట్లు,
పదకొండేళ్లుగా మీ డిస్ట్రోనే వాడుతున్న ఒక వినియోగదారు