మా తర్వాత మా పిల్లలు ఎక్కడుండాలి? మంత్రి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా తల్లిదండ్రుల సంఘం ఇచ్చిన అర్జీలు మీ శాఖలో ఉన్నాయి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, మీ పేషీకి పోస్టులో పంపాం, డిసెంబర్ 3 దివ్యాంగుల దినోత్సవ సభల్లో పెద్దల చేతికే ఇచ్చాం. అవునని గానీ కాదని గానీ ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

అడిగేది పెద్ద విషయం కాదయ్యా. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న ఎదిగిన మా పిల్లలు ఐదారుగురు కలిసి మా ఊళ్లోనే, నలుగురూ ఉండే వీధిలో, మామూలు ఇంట్లో బతకడానికి ఒక గ్రూప్ హోమ్. ఇలాంటి గ్రూప్ హోమ్‌ల కోసం కేంద్రం తెచ్చిన ఘరౌందా పథకం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అది కాగితం మీద ఉంది. మా ఊళ్లో లేదు.

మా సంఘంలో ఒకావిడ పోయినేడు గుండెపోటుతో పోయింది. కొడుక్కి నలభై దాటాయి. మాటలు తక్కువే గానీ రోజూ పొద్దున్నే బూత్‌కి వెళ్లి పాల ప్యాకెట్లు తెచ్చేవాడు. టీ కొట్టు అతను చిల్లర లెక్కచూసి జేబులో పెట్టేవాడు. మంగళవారం ఆంజనేయస్వామి గుడి దగ్గర అతను కనబడకపోతే పూజారి గారే ఆరా తీసేవారు. వీధి మొత్తానికీ తెలిసిన మనిషి. తల్లి పెద్దకర్మ అయిన వారంలోనే బంధువులు వేరే జిల్లాలో ఒక హాస్టల్‌లో చేర్చారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లకు ఇంకో దారి లేదు. ఆ హాస్టల్‌లో పనిచేసేవాళ్లను కూడా ఏమీ అనను. కానీ ఒకే హాల్లో వరసగా మంచాలు, రోజంతా గేటుకి తాళం. మేం చూడటానికి వెళ్తే నా కొంగు పట్టుకుని "పాలు తేవాలి, ఇంటికెళ్దాం" అన్నాడు. ఫిట్స్ ఎక్కువయ్యాయట, తిండి తగ్గిపోయింది. తల్లి పోయింది సరే, ఆ మనిషికి ఊరు కూడా ఎందుకు పోవాలి? పాల బూత్, గుడి, టీ కొట్టు అన్నీ ఇక్కడే ఉన్నాయి కదా. అతనికి లేనిదల్లా ఒక ఇల్లు, మందులు వేళకు వేసే ఒక మనిషి.

మా అబ్బాయికి 32 ఏళ్లు. నాకు షుగర్, మోకాళ్ల నొప్పులు. రాత్రి వాడికి ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టే ఓపిక ఇంకెన్నాళ్లుంటుందో తెలియదు. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టదు. ఈ మాట ఒక ఆఫీసులో చెప్పుకుంటే "కూతురుంది కదమ్మా, చూసుకోదా?" అన్నారు. కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, దానికీ ఇద్దరు పిల్లలు. తమ్ముడంటే ప్రాణం. అయినా నేను కన్న ఒక బిడ్డ బతుకు నిలబెట్టడానికి ఇంకో బిడ్డ బతుకు రాసివ్వాలా? తోడబుట్టినవాళ్లు ఉన్నారు కాబట్టి ప్రభుత్వం పని లేదన్నమాట ఏ చట్టంలో ఉంది?

చట్టంలో ఉన్నది వేరే. 2016 హక్కుల చట్టం సెక్షన్ 5 దివ్యాంగులకు సమాజంలో జీవించే హక్కు ఉందంటోంది. ఫలానా చోటే ఉండాలని వాళ్లను కట్టిపడేయకుండా చూడమని ప్రభుత్వానికి చెబుతోంది. అంతకుముందే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది, తల్లిదండ్రులు పోయాక ఈ పిల్లల సంరక్షణకు ఏర్పాట్లు చేయడం దాని లక్ష్యాల్లోనే ఉంది. అప్పుడు మా వాడు పలక పట్టుకుని తిరిగేవాడు. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది.

ఇక భవనం సంగతి. వాడకుండా పడి ఉన్న ప్రభుత్వ భవనం ఒకటి మాకు ఇస్తామని సభలో మైకులో చెప్పారు. మేం చప్పట్లు కొట్టాం, ఇంటికొచ్చి ఏడ్చాం కూడా, అంత సంతోషం. అధికారులు వచ్చి గదులు కొలుచుకుని వెళ్లారు. బాత్రూంలో పట్టుకునే కమ్మీలు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాం. తర్వాత ఫైలు రెవెన్యూలో ఉందన్నారు, మున్సిపాలిటీలో ఉందన్నారు, ఇది కేంద్రం పథకం కాబట్టి మా చేతిలో లేదన్నారు. చివరికి ఆ గదుల్లో పాత బీరువాలు, విరిగిన కుర్చీలు తెచ్చి పడేశారు. సామాన్లకు దొరికిన చోటు మా పిల్లలకు దొరకలేదు. మాట ఇచ్చినవాళ్లు బదిలీ అయ్యారు, వచ్చినవాళ్లు "కొత్తగా అర్జీ పెట్టుకోండి" అంటున్నారు.

పోనీ అద్దె ఇంట్లో మొదలుపెడతామంటే, ఆరుగురికి కాదు, ఎక్కువమందితో పెద్ద హాస్టల్ పెట్టండి, అప్పుడు చూద్దామన్నారు. మేం వద్దంటున్నదే అది! చెన్నైలో ద బాన్యన్ సంస్థ 2015 నుంచి, ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయిన వాళ్లను నలుగురైదుగురిని కలిపి మామూలు వీధుల్లో అద్దె ఇళ్లలో ఉంచుతోంది. వాళ్లది మానసిక అనారోగ్యం, మా పిల్లలది వేరు, ఆ తేడా నాకు తెలుసు. కానీ వీధిలో ఇల్లు తీసుకుని తోడుగా మనుషుల్ని పెడితే బతకగలరని అక్కడ రుజువైంది కదా.

డబ్బు లెక్క కూడా చెబుతాను. 2024 జులై నుంచి దివ్యాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు చేశారు, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తున్నారు, దానికి మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. ఆరుగురివి కలిపితే నెలకు 36,000. బియ్యం, కూరలు, కరెంటు, మందులు అందులో సర్దుకుంటాం. అద్దె తల్లిదండ్రులం వేసుకుంటాం. మాకు అందనిది మనుషుల జీతం ఒక్కటే. పగలూ రాత్రీ వంతులవారీగా చూడాలంటే, సెలవులు కూడా కలుపుకుని, కనీసం నలుగురు కావాలి. స్నానం చేయించేవాళ్లు, ఫిట్స్ వస్తే భయపడకుండా నిలబడేవాళ్లు. అంత పని చేసేవాళ్లకు సరైన జీతం ఇవ్వకపోతే మూడో నెలకే వెళ్లిపోతారు. మారినప్పుడల్లా మా పిల్లలు అన్నం ముట్టరు.

గార్డియన్‌షిప్ కోసం, అంటే మా పిల్లల తరఫున చట్టప్రకారం సంతకం పెట్టే సంరక్షకుడిని నియమించడానికి, కలెక్టర్ గారి అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ కూర్చోవాలి. మా దగ్గర అది ఎప్పుడు కూర్చుంటుందో ఎవరూ చెప్పరు. ఈలోపు మాలో ఒకరు పోతే ఆ బిడ్డ తరఫున బ్యాంకులో సంతకం పెట్టే దిక్కుండదు.

అయ్యా, ఆ భవనం ఖాళీ చేయించి ఇవ్వండి. లేదా అద్దె ఇంటికి అనుమతి, నలుగురి జీతం ఇవ్వండి. ఆరుగురితో నడిచే చిన్న ఇంటిని కూడా హోమ్‌గా గుర్తించండి. కమిటీ నెలకోసారైనా కూర్చునేలా చూడండి. జిల్లాకు ఒక్క హోమ్ చాలదని తెలుసు, ముందు ఒక్కటి మొదలుపెట్టండి. ఏదీ కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి, ఆ కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్తాం. మా సంఘంలో డెబ్బై దాటిన తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్లకు వచ్చే సభ దాకా ఆగమని చెప్పలేను.

ఇట్లు,
ఒక తల్లి,
తల్లిదండ్రుల సంఘం తరఫున