గార్నెట్ ఒక్కడే, బేరాలు రెండు

సంపాదకుల వారికి,

నమస్కారములు. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడికి గడువు దగ్గరపడే ప్రతి ఫిబ్రవరిలోనూ, వయసు మీరిన ఫలానా తారను తెచ్చుకుంటే ఫలానా జట్టుకు ఇక తిరుగుండదన్న ఊహాగానాలు క్రీడా పుటల్లో కనిపిస్తుంటాయి. రాబోయే తార ఘనతకు పేరాలకు పేరాలు కేటాయిస్తారు. బదులుగా వెళ్ళిపోయే కుర్రాళ్ళ పేర్లు మాత్రం చివరి వాక్యంలో, అదీ చోటు మిగిలితేనే, ఉంటాయి. శ్రీకాకుళంలో చాలా ఏళ్ళు బడిపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పి పదవీ విరమణ చేసి, ఇప్పుడు తెల్లవారుజామునే లేచి ఆ ఆటలు చూడడం అలవాటు చేసుకున్న వ్యాయామోపాధ్యాయుణ్ణి కనుక, ఆ చివరి వాక్యం గురించి కొంత రాయాలనిపించింది.

ఎన్‌బీఏ తార కెవిన్ గార్నెట్ కోసం ఆరేళ్ళ తేడాతో జరిగిన రెండు బేరాలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం చాలావరకు తేటపడుతుంది. 2007లో అతనికి 31 ఏళ్ళు. అంతకుముందు సీజన్‌లో 82 ఆటలకు 24 మాత్రమే గెలిచిన బోస్టన్ సెల్టిక్స్, 22 ఏళ్ళ అల్ జెఫర్సన్‌తో పాటు మరికొందరు ఆటగాళ్ళనూ, డ్రాఫ్ట్ అవకాశాలనూ (ఏటా కొత్త ఆటగాళ్ళను జట్లు వరుసక్రమంలో ఎంచుకునే పద్ధతే డ్రాఫ్ట్) గార్నెట్ ఆడుతున్న మిన్నెసోటా జట్టుకు ఇచ్చి అతణ్ణి తెచ్చుకుంది. ఆ మరుసటి సీజన్‌లోనే 66 ఆటలు గెలిచి, 2008లో విజేతగా నిలిచింది. ఈ ఉదాహరణను అందరూ చెబుతారు కానీ, పాల్ పియర్స్ అప్పటికే ఆ జట్టులో ఉన్నాడనీ, రే అలెన్ అదే వేసవిలో వచ్చి చేరాడనీ, రాజాన్ రోండో, కెండ్రిక్ పెర్కిన్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళను బోస్టన్ ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టుకుందనీ అంతగా చెప్పరు.

2013లో బ్రూక్లిన్ నెట్స్ అదే గార్నెట్‌ను 37 ఏళ్ళ వయసులో, 35 ఏళ్ళ పియర్స్‌తో సహా, అదే బోస్టన్ నుంచి కొనుక్కుంది. అప్పుడు కొన్నదీ ఇప్పుడు అమ్మిందీ ఒకే వ్యక్తి, అప్పట్లో బోస్టన్ జట్టు వ్యవహారాలు చూసిన డానీ ఎయింజ్. సంతలో ఎద్దు పళ్ళు పట్టి చూసి వయసు చెప్పగల మనిషి అమ్మకానికి పెట్టాడంటే కొనేవాడు కాస్త ఆలోచించి ఉండవలసింది. బ్రూక్లిన్ 2014, 2016, 2018 సంవత్సరాల డ్రాఫ్ట్ మొదటి రౌండ్ అవకాశాలను ఇచ్చివేయడమే కాక, 2017లో బోస్టన్ కోరితే డ్రాఫ్ట్ వరుసలో తన స్థానాన్ని బ్రూక్లిన్ స్థానంతో మార్చుకునే హక్కును కూడా రాసిచ్చింది. వరుసగా రెండేళ్ళ మొదటి రౌండ్ అవకాశాలను ఇచ్చివేయకూడదన్న నిబంధన ఎన్‌బీఏలో ఉంది. 1980ల తొలినాళ్ళలో క్లీవ్‌లాండ్ జట్టు యజమాని టెడ్ స్టెపియన్ తన జట్టు భవిష్యత్తును ఎడాపెడా పంచిపెట్టిన ఫలితంగా పుట్టిన నిబంధన అది. స్థానం మార్చుకునే హక్కు అన్నది ఆ గోడకు పడిన కన్నం.

బ్రూక్లిన్‌కు వచ్చిన 2013-14 సీజన్‌లో గార్నెట్ 54 ఆటలు ఆడి సగటున 6.5 పాయింట్లు చేశాడు. జట్టు ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీలు) రెండో రౌండ్‌లో మయామి చేతిలో ఓడింది. ఏడాది తిరగ్గానే పియర్స్ వాషింగ్టన్‌కు వెళ్ళిపోయాడు. అసలు నష్టం ఆ తరువాత మొదలైంది. బాగా ఓడిన జట్టుకు డ్రాఫ్ట్‌లో ముందు వరుస దక్కే అవకాశం ఎక్కువగా ఉంటుంది. ఓటమికి ఎన్‌బీఏ ఇచ్చే ఊరట అదే. 2015-16లో 21, ఆ తరువాతి సీజన్‌లో 20 ఆటలు మాత్రమే గెలిచిన బ్రూక్లిన్‌కు ఆ ఊరట కూడా లేకపోయింది. ఓడింది బ్రూక్లిన్, ఫలం అనుభవించింది బోస్టన్. ఆ అవకాశాలతో వచ్చిన జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ 2024లో బోస్టన్‌ను మళ్ళీ విజేతగా నిలిపారు. 2018లో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి తోటలను పడగొట్టాక, పెట్టిన మొక్క కాపుకు రావడానికి ఎన్నేళ్ళు కనిపెట్టుకుని ఉండాలో మా జిల్లా రైతుకు తెలుసు. బ్రూక్లిన్‌కు పెట్టడానికి మొక్కలు కూడా మిగలలేదు.

తార వయసు ఒక్కటే గండం అనుకోవడం పొరపాటు. 2019లో లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్ తెచ్చుకున్న పాల్ జార్జ్‌కు అప్పుడు 29 ఏళ్ళే. అయితే అతని కోసం ఒక్క సీజన్ మాత్రమే ఆడిన షే గిల్జియస్-అలెగ్జాండర్‌ను, దానికి తోడు అయిదు మొదటి రౌండ్ అవకాశాలను ఓక్లహామా సిటీకి ఇచ్చారు. జార్జ్ 2024లో ఒప్పందం ముగించుకుని ఫిలడెల్ఫియాకు వెళ్ళాడు, క్లిప్పర్స్‌కు బదులుగా ఏమీ రాలేదు. ఇచ్చిన కుర్రాడు 2025లో లీగ్‌లోనూ ఫైనల్స్‌లోనూ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి ఓక్లహామాకు టైటిల్ తెచ్చాడు. ఫీనిక్స్ జట్టు సంగతీ అంతే. 2023లో 34 ఏళ్ళ కెవిన్ డ్యురాంట్ కోసం మికాల్ బ్రిడ్జెస్‌నూ, క్యామ్ జాన్సన్‌నూ, నాలుగు మొదటి రౌండ్ అవకాశాలనూ ఇచ్చి, 2025లో ప్లేఆఫ్స్‌కు కూడా చేరలేక అతణ్ణి హ్యూస్టన్‌కు పంపింది. డ్యురాంట్ బాగానే ఆడాడు. అతని చుట్టూ నిలబెట్టడానికి మనుషులే మిగలలేదు.

కుర్రాళ్ళందరూ పండుతారని నేను అనడం లేదు. జెఫర్సన్‌ను అందుకున్న మిన్నెసోటా 2018 వరకూ ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. నలభై ఏళ్ళు నిండిన సీజన్‌లో కూడా లెబ్రాన్ జేమ్స్ ఏటా లీగ్ ప్రకటించే ఉత్తమ ఆటగాళ్ళ జాబితాల్లో రెండోదానిలో చోటు సంపాదించాడు. అయితే లెబ్రాన్ ఒక్కడే, అతణ్ణి చూపి మరొకరి మోకాళ్ళకు వెల కట్టడం కుదరదు.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఒక టోర్నమెంటు గెలవాలన్న ఆశతో, ఒకప్పుడు బాగా పేరున్న పెద్ద వయసు ఆటగాణ్ణి బయటి నుంచి పిలిపించి, ఏడాది పొడవునా సాధన చేసిన ఒక కుర్రాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టాను. సెమీఫైనల్లో ఓడాం. ఆ కుర్రాడు మరుసటి వారం నుంచి కోర్టుకు రాలేదు, నేనూ వెళ్ళి పిలవలేదు.

ఇకమీదట ఇలాంటి మార్పిడి వార్త ప్రచురించేటప్పుడు, వచ్చే తార వయసు, అతని ఒప్పందం ఇంకా ఎన్నేళ్ళుంది, గత మూడు సీజన్లలో ఎన్ని ఆటలు ఆడాడు, బదులుగా ఏ ఏ సంవత్సరాల డ్రాఫ్ట్ అవకాశాలు వెళ్ళాయి అన్న నాలుగు వివరాలను తార ఫొటో పక్కనే చిన్న పట్టికగా వేయవలసిందిగా కోరుతున్నాను. ఫొటో కాస్త చిన్నదైనా ఫరవాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
శ్రీకాకుళం.