సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. మన స్టాంపు సేకర్తల సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

ఈ ఏడాది మనం గట్టిగా చేసిన పని ఒక్కటే. అక్టోబరు వన్యప్రాణి వారోత్సవాల్లో కడపలో పెట్టిన స్టాంపుల ప్రదర్శన. అంతరించిపోతున్న జంతువులూ పక్షులే అంశం. 1962 నాటి 15 నయాపైసల ఖడ్గమృగంతో మొదలుపెట్టాం. 1963 సెట్టులోని అడవిదున్న, ఎర్ర పాండా, ఏనుగు, పులి, సింహం అయిదూ ముద్ర పడనివే దొరికాయి. నమ్మి చేతికిచ్చిన అధ్యక్షులవారికి ధన్యవాదాలు. 1976 నాటి కారకల్ పిల్లి మాత్రం సెల్లోటేపు మరకతో వచ్చింది. ఎవరిచ్చారో ఇక్కడ రాయను. టేపు వద్దు, హింజ్ (స్టాంపు వెనక అంటించే చిన్న జిగురు కాగితం) వాడండి అని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను.

రోళ్లపాడు అభయారణ్యంలో బట్టమేక పిట్టను చూసినవాళ్లు, దాని బొమ్మతో వచ్చిన 1980 నాటి 2 రూపాయల 30 పైసల స్టాంపు దగ్గర కాసేపు నిలబడ్డారు. కానీ జనం గుమిగూడింది 1988లో వచ్చిన రూపాయి స్టాంపు చుట్టూ. అది మన కలివికోడి. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక లేదని రాసేసుకున్న పిట్ట 1986లో మన జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. మూడేళ్లు తిరక్కుండానే స్టాంపెక్కింది. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారీ మారింది. ఒక పిల్లవాడు "కోడి అంటున్నారు, కూర వండుతారా సార్?" అన్నాడు. తప్పు మాదే. స్టాంపు అంటించిన షీటు మీద జెర్డాన్ దొర పేరుతో ఉన్న ఆ పిట్ట ఇంగ్లీషు పేరు మాత్రమే రాసి ఊరుకున్నాం. సిద్ధవటం నుంచి వచ్చిన ఒక పెద్దాయన "కలివి పొదల్లో తిరుగుతాది, అందుకే ఆ పేరు. పగలు కనపడదు నాయనా" అని చెప్పాక, స్కెచ్ పెన్నుతో తెలుగులో రాసి అంటించాం. ఆయన ఎవరో అడగడం మరిచిపోయాం, ఆయనకూ ధన్యవాదాలు.

హాలు ఇచ్చిన పాఠశాలవారికి, టీ ఖర్చు భరించిన ఉపాధ్యక్షులకు, భోజనాలు పంపిన కోశాధికారిగారి శ్రీమతిగారికి కృతజ్ఞతలు. ఫ్రేములు మోయడానికి ఎనిమిదిమంది పేర్లిచ్చారు. వచ్చింది ఇద్దరు. అందులో ఒకరు కోశాధికారిగారి అల్లుడు, ఆయన మన సభ్యుడే కాదు. ప్రారంభం రోజు ఫోటోలో మాత్రం అందరూ ఉన్నారు.

కలివికోడి బొమ్మతో ప్రత్యేక తపాలా ముద్ర కావాలని తపాలా శాఖకు అర్జీ పెట్టాం. నాలుగుసార్లు తిరిగాను. వెళ్లిన ప్రతిసారీ "పైనుంచి రావాలి" అన్నారు. ప్రదర్శన అయిపోయింది, ముద్ర రాలేదు. ఈసారి జూన్‌లోనే అర్జీ పెడదాం, నాతోపాటు ఇంకొకరు వస్తే.

జమాఖర్చుల కాగితం వెనక జతచేశాను. ఆడిటరుగారు చూశారు. కొద్దిగా మిగులుంది. చందా బాకీలు వసూలైతే ఇంకాస్త ఉండేది.

సంఘం భూతద్దం ప్రదర్శన నాటి నుంచి కనబడటం లేదు. తీసుకెళ్లినవారు సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చి టేబులు మీద పెడితే చాలు, ఎవరూ ఏమీ అడగం.

ఇట్లు,
కార్యదర్శి